పనివేళలు, పసిపిల్లలు: పాఠకుల ప్రశ్నలకు పిన్నిగారి జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే సంగతి అడుగుతున్నాయి. తల్లి పనికి వెళ్తే పసిబిడ్డను ఎవరు చూడాలి? బ్రహ్మపురం నుంచి రాయగడ దాకా ఉన్న మన తెలుగిళ్లవాళ్లే అడిగారు కాబట్టి మిగతా ప్రశ్నలను వచ్చే నెలకు వాయిదా వేశాను. గజపతి, రాయగడ జిల్లాల్లో అంగన్‌వాడీ సూపర్‌వైజరుగా తిరిగి పదవీ విరమణ చేసినదాన్ని. ఇప్పుడు పర్లాకిమిడిలో ఉంటున్నాను. ప్రభుత్వం ఇచ్చేది ఏమిటో, ఇస్తానని కాగితం మీద రాసి ఊరుకునేది ఏమిటో రెండూ చూశాను. ఉత్తరాలను కుదించాను, పేర్లు తీసేశాను.

ప్రశ్న: పిన్నిగారూ, నేను బ్రహ్మపురంలో ఒక బట్టల దుకాణంలో పనిచేస్తున్నాను. ఉదయం పది నుంచి రాత్రి ఎనిమిది దాకా పని. జీతం తొమ్మిది వేలు. బాబుకు పదకొండు నెలలు. ఇన్నాళ్లూ అత్తగారు చూశారు. ఇప్పుడు వాడు పాకుతున్నాడు, ఆవిడ మోకాళ్లు పట్టేశాయి. వీధిలోని అంగన్‌వాడీలో అడిగితే మూడేళ్లు నిండాక తీసుకురమ్మన్నారు. ప్రైవేటు కేంద్రంలో నెలకు మూడున్నర వేలు అడుగుతున్నారు, అదీ సాయంత్రం ఆరు వరకే. ఏం చేయాలో తోచడం లేదు.

జవాబు: మీ అంగన్‌వాడీ దీదీ అబద్ధం చెప్పలేదమ్మా. అంగన్‌వాడీలను నడిపే పథకం 1975 అక్టోబరు 2న మొదలైంది. అది పుట్టిందే పిల్లల ఆకలి, జబ్బులు తగ్గించడానికి. తల్లి ఎన్ని గంటలు పనిచేస్తుందన్న లెక్క అందులో ఎప్పుడూ లేదు. మూడేళ్లలోపు పిల్లలకు ఛతువా అనే పౌష్టిక పిండి, గుడ్లు ఇంటికి ఇస్తారు, బరువు తూస్తారు, టీకాల సంగతి చూస్తారు. కేంద్రంలో కూర్చోబెట్టుకునేది మూడు నుంచి ఆరేళ్ల వాళ్లను, అదీ పొద్దుటిపూట కొన్ని గంటలు. నీ కొడుకు పేరు ఇంకా రాయించకపోతే మాత్రం రేపే వెళ్లి రాయించు. ఛతువా మానుకోవలసిన అవసరం నీకు లేదు, పైగా రేపు ఏ దరఖాస్తు పెట్టినా ఆ పేరే ఆధారం.

ఇక అడగవలసినది ‘పాల్నా’ గురించి. కేంద్ర ప్రభుత్వం 2022లో మిషన్ శక్తి కింద పెట్టిన పథకం ఇది. కొన్ని అంగన్‌వాడీలను శిశుగృహాలుగా కూడా నడపాలని, ఆరు నెలల నుంచి ఆరేళ్ల పిల్లలను రోజంతా చూసుకోవాలని దాని ఉద్దేశం. దేశం మొత్తం మీద 17,000 కేంద్రాలు లక్ష్యంగా పెట్టుకున్నారు. దేశంలో అంగన్‌వాడీలు 13 లక్షలకు పైనే, కాబట్టి మీ వీధి కేంద్రం ఆ జాబితాలో ఉంటుందని ఆశపడకు. అయినా అంగన్‌వాడీలను చూసే సిడిపిఓ (శిశు అభివృద్ధి పథకం అధికారి) కార్యాలయానికి వెళ్లి, దగ్గరలో ఏది శిశుగృహంగా నడుస్తోందో అడుగు. ఒక జాగ్రత్త. ఒడిశాలో మిషన్ శక్తి అనగానే స్వయం సహాయక సంఘాల కార్యాలయం వైపు చెయ్యి చూపిస్తారు, ఎందుకంటే 2001 నుంచి ఇక్కడ ఆ పేరు వాటిదే. నువ్వు అడిగేది కేంద్రం వారి పాల్నా అని మొదటే చెప్పకపోతే ఒక పూట సెలవు వృథా అవుతుంది. దగ్గరలో లేదంటే నీలాంటి తల్లులందరి సంతకాలతో, పిల్లల వయసులు, మీ పనివేళలు రాసి అర్జీ ఇచ్చి, చేరినట్టు రసీదు తీసుకో. పనివేళలు రాయడం మరిచిపోవద్దు. అర్జీలన్నీ ‘శిశుగృహం కావాలి’ అంటాయి, ఎన్ని గంటలు కావాలో ఎవరూ రాయరు. చివరికి నాలుగింటికి మూసే కేంద్రం వస్తుంది.

అర్జీ కదిలేలోపు వాడికి నడకే వచ్చేస్తుంది. కాబట్టి ఈ నెలకు దారి వేరే వెతకాలి. మీ దుకాణంలో, పక్క దుకాణాల్లో చిన్నపిల్లల తల్లులు ఇద్దరు ముగ్గురైనా ఉంటారు. నలుగురు కలిసి, మీలో ఒకరి ఇంట్లో, తెలిసిన ఒక నడివయసు మనిషిని పెట్టుకోండి. తలా రెండు వేలు వేస్తే ఆమెకు ఎనిమిది వేలు. పిల్లల తిండి ఎవరిది వారే పంపాలి. ఆమె జీతం దగ్గర బేరం ఆడవద్దు. అయిదు వేలకు ఒప్పుకున్న మనిషి ఆరు వేల పని దొరకగానే వెళ్లిపోతుంది. పసివాడికి రెండు నెలలకొకసారి కొత్త ముఖం అలవాటు చేయడం కన్నా కష్టం లేదు. ఏడాదిలోపు వాళ్లు నలుగురిలో ఇద్దరికి మించకుండా చూసుకోండి.

ఆ ఇంటికి గానీ, ఆ ప్రైవేటు కేంద్రానికి గానీ మధ్యాహ్నం మూడింటికి చెప్పకుండా వెళ్లి చూడు. పొద్దున్నే అన్నీ శుభ్రంగానే ఉంటాయి. నీళ్లు నింపిన బకెట్టు నేల మీద ఉందా? పాకే పిల్లవాడు అడుగు లోతు నీళ్లలో కూడా మునిగిపోగలడు. పొయ్యికి అడ్డం ఉందా? వీధి తలుపు గడియ పిల్లల చేతికి అందుతుందా? ఆ వేళకు ఇంట్లో ఇంకెవరు ఉంటారు? పిల్లలందరూ ఒకేసారి గాఢంగా నిద్రపోతుంటే సంతోషించకు, అనుమానించు. జలుబు మందు రెండు చెంచాలు పట్టి నిద్రపుచ్చే వాళ్లను నేను నా ఉద్యోగంలో చూశాను. డాక్టరు రాయకుండా ఏ మందూ వేయరాదని మొదటి రోజే గట్టిగా చెప్పు.

నీ ఉత్తరంలో అత్తగారు ఉన్నారు, దుకాణం ఉంది, అంగన్‌వాడీ దీదీ కూడా ఉంది. బాబు తండ్రి మాత్రం కనిపించలేదు. ఆయన ఎన్నింటికి ఇంటికి వస్తాడో రాయలేదేమమ్మా? ఆరు నుంచి ఎనిమిది దాకా ఉన్న ఆ రెండు గంటలకు మొదట అడగవలసింది ఆయననే. మీ అత్తగారు కూర్చుని బువ్వ తినిపించగలరు, కథ చెప్పగలరు. పరిగెత్తే పని ఆవిడకు పెట్టవద్దు.

ప్రశ్న: మాది రాయగడ. నాకు పద్నాలుగు వేలు, నా భార్యకు ఎనిమిది వేలు జీతం. పాపను చూసే కేంద్రానికి నాలుగు వేలు, ఆటోకు వెయ్యి పోతున్నాయి. ఆమె జీతంలో మిగిలేది మూడు వేలే. దాని బదులు మానేసి ఇంట్లో ఉండడమే మేలని నా అభిప్రాయం. మీరేమంటారు?

జవాబు: పాప ఇద్దరిదీ అయినప్పుడు ఆ అయిదు వేలు ఆమె జీతంలో నుంచే ఎందుకు తీసేశారు నాయనా? ఇంటికి వచ్చేది ఇరవై రెండు వేలు. అందులో అయిదు వేలు పాప సంరక్షణకు పోతున్నాయి, పదిహేడు మిగులుతున్నాయి. ఆమె మానేస్తే మిగిలేది పద్నాలుగు. పాపకు మూడేళ్లు నిండగానే పొద్దుటిపూట అంగన్‌వాడీ ఉంటుంది, ఖర్చు తగ్గుతుంది. కానీ మూడేళ్లు ఖాళీగా ఉన్న మనిషికి అదే ఎనిమిది వేల ఉద్యోగం మళ్లీ దొరకడం రాయగడలో ఎంత కష్టమో మీకే బాగా తెలుసు. ఆమెకు మానేయాలని ఉందో లేదో మీ ఉత్తరంలో లేదు. ముందు అది కనుక్కోండి.

ప్రశ్న: గంజాం జిల్లాలో ఒక జీడిపప్పు యూనిట్‌లో పని చేస్తున్నాం. ఆడవాళ్లం నలభై మందికి పైగా, మగవాళ్లు పదిహేను మంది. పాలు తాగే పిల్లలను పక్కన పడుకోబెట్టుకుని పని చేసేవాళ్లం. ఇప్పుడు యజమాని పిల్లలను లోపలికి తేవద్దంటున్నాడు. ఇది న్యాయమేనా?

జవాబు: చెప్పింది సగం న్యాయం. పిక్కలు కాల్చే పొగ, కొట్టేటప్పుడు చిందే జీడి నూనె పసివాళ్ల దగ్గర ఉండరాదు. ఆ నూనె మీ అరచేతులను ఏం చేస్తుందో మీరే చూస్తున్నారు, బిడ్డ చర్మం ఇంకెంత? కానీ తేవద్దన్నవాడు, మరి ఎక్కడ ఉంచాలో కూడా చెప్పాలి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ముప్పై మందికి మించి ఆడవాళ్లు పనిచేసే చోట పిల్లలకు విడిగా గది ఉండాలన్నది. 2017లో మాతృత్వ ప్రయోజనాల చట్టానికి చేసిన సవరణ 50 మంది ఉద్యోగులున్న ప్రతిచోటా శిశుగృహం ఉండాలన్నది. కొత్త కార్మిక కోడ్‌లలోనూ ఆ 50 సంఖ్యే ఉంది. 50 మంది ఆడవాళ్లు కాదు, ఆడా మగా కలిపి. మీ లెక్క దాటింది. చాలామంది యజమానులు ఆడవాళ్లను మాత్రమే లెక్కపెట్టి తప్పించుకుంటారు. తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసి రావచ్చు, విశ్రాంతి వేళ కూడా అందులోనే కలుస్తుంది.

యజమాని చోటు లేదంటే, నాలుగైదు యూనిట్లు కలిసి ఒకే శిశుగృహం పెట్టుకునే వీలు కూడా 2020 నాటి సామాజిక భద్రత కోడ్‌లో ఉంది. గొడవగా కాకుండా ఆ మాటగానే మొదలుపెట్టండి. వినకపోతే జిల్లా కార్మిక అధికారికి రాతపూర్వకంగా, అందరి సంతకాలతో ఇవ్వండి. ఒక్కరి పేరుతో ఇస్తే ఆ ఒక్కరికే పని పోతుంది. హాజరు పట్టీలో అందరి పేర్లూ ఎక్కుతున్నాయో లేదో ముందుగా చూసుకోండి. ఎక్కని పేరు లెక్కలోకి రాదు.

ప్రశ్న: అమ్మా, గుణుపురం దగ్గర ఒక పల్లెలో ఉపాధ్యాయుడిని. అయిదో తరగతి చదివే ఒక అమ్మాయి పత్తి తీత మొదలయ్యాక బడికి రావడం మానేసింది. ఏడాది నిండని తమ్ముణ్ని చూసుకుంటోంది. తల్లిని అడిగితే ‘మీరు చూస్తారా అయితే’ అంది. ఇలాంటివాళ్లు ఊళ్లో ఇంకా ఉన్నారు. నేను చేయగలిగింది ఏమైనా ఉందా?

జవాబు: ఆ తల్లి అడిగిన ప్రశ్న సరైనదే మాస్టారూ. ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలు బడిలో ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం అంటుంది. ఆ పిల్ల చంకలోని తమ్ముడి గురించి ఆ చట్టానికి పట్టదు. అక్కను బడికి పంపి తమ్ముణ్ని చేలోకి తీసుకువెళ్లమనడం కూడా పరిష్కారం కాదు. పత్తికి కొట్టిన మందు ఆకుల మీదా, అమ్మ చీర కొంగు మీదా ఉంటుంది. చెట్టు కింద ఉయ్యాల కట్టి వదిలేస్తే చీమలు, ఎండ, పాములు.

ముందు మీ ఊళ్లో ఆరేళ్లలోపు పిల్లలు ఎందరున్నారో లెక్క వేయండి. మీ దగ్గర పెద్ద పిల్లలున్నారు, ఒక ఆదివారం వాళ్లే ఇంటింటికీ వెళ్లి రాసుకొస్తారు. అంగన్‌వాడీ లేని పేటలో ఆరేళ్లలోపు పిల్లలు 40 మంది ఉంటే, జనం అడిగిన మూడు నెలల్లోగా కేంద్రం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2006 డిసెంబరులో, ఆహార హక్కు కేసులో చెప్పింది. ‘అడిగితే’ అన్న షరతు ఉంది కాబట్టి అడిగినట్టు కాగితం ఉండాలి. కేంద్రం ఇప్పటికే ఉంటే ఆ లెక్క పాల్నా అర్జీకి పనికొస్తుంది.

రెండోది, మా సూపర్‌వైజర్ల సమావేశాల్లో నేను పదేపదే చెప్పి విసిగించిన మాట. పత్తి తీత నవంబరు నుంచి జనవరి దాకా, ఊడ్పులు ఆషాఢ శ్రావణాల్లో. ఏడాదంతా నడిచే శిశుగృహం రాకపోయినా, ఆ నెలలకు మాత్రం ఒక గది, ఇద్దరు ఆడవాళ్లు, ఒక పూట వండిన కిచిడీ ఉంటే చాలా ఇళ్లలో అక్కలు బడికి వస్తారు. పక్కనున్న ఛత్తీస్‌గఢ్‌లో ‘ఫుల్వారీ’ పేరుతో ఆరు నెలల నుంచి మూడేళ్ల పిల్లలకు ఇలాంటివి పల్లెల్లో నడిపారు. తల్లులే వంతులు వేసుకుని చూసుకున్నారు. వంతు రోజున ఆ తల్లి కూలి పోతుంది కదా, మిగతా తల్లులు తలా కొంత వేసి ఆమెకు ఇస్తే తప్ప అది మన దగ్గర నిలవదని నా అనుభవం. ఉచిత సేవ మీద నడిచేవి మొదటి వానకే ఆగిపోతాయి. ఉపాధి హామీ చట్టం 2005లో వచ్చినప్పుడు ఈ సంగతి స్పష్టంగానే రాశారు. పని చోటికి ఆరేళ్లలోపు పిల్లలు అయిదుగురు గానీ అంతకు మించి గానీ వస్తే కూలి వాళ్లలోనే ఒకామెను వాళ్లను చూడడానికి పెట్టి, ఆమెకూ అదే కూలి ఇవ్వాలన్నారు. పిల్లలను చూడడం కూలి ఇచ్చే పని అని చట్టమే ఒప్పుకున్నప్పుడు మీ ఊరి సంఘం ఒప్పుకోవడానికి ఏం అడ్డం? స్వయం సహాయక సంఘం సమావేశం రోజున వెళ్లి మాట్లాడండి. గ్రామసభలో మాట్లాడితే మగవాళ్లు జవాబు చెబుతారు, వాళ్లకు ఆ గంటల సంగతి తెలియదు.

ఈలోగా ఆ అమ్మాయిని తమ్ముడితో సహా బడికి రానివ్వండి. తరగతి అల్లరిగా ఉంటుంది, ఉండనివ్వండి. పేరు మాత్రం కొట్టేయవద్దు.

ప్రశ్న: మాది పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, అంగన్‌వాడీలో ఒడియా, పక్కింటి పిల్లలు సవర మాట్లాడతారు. మనవడికి మూడున్నరేళ్లు, మూడూ కలిపి మాట్లాడుతున్నాడు. వాడికి ఏ భాషా రాకుండా పోతుందేమో. మాన్పించమంటారా?

జవాబు: మన ఊళ్లో పుట్టి ఈ భయం ఏమిటి వదినగారూ! రాజావారి బడిలో పంతులుగా ఉన్న గిడుగు రామమూర్తిగారు సవర నేర్చుకుని, సవర పిల్లలకు వాళ్ల భాషలో చదువు చెప్పాలని వాచకాలు రాసింది ఇక్కడే కదా. మూడు కలపడం ఆ వయసులో మామూలే, నాలుగైదేళ్లకు ఎవరితో ఏది మాట్లాడాలో వాడే విడదీసుకుంటాడు. మీరు ఇంట్లో నిండుగా తెలుగే మాట్లాడండి, కథలు చెప్పండి. మాన్పించవద్దు. దీదీకి మాత్రం ఒక చిన్న సాయం చేయండి. ఆకలి, దాహం, నొప్పి, దొడ్డికి, అమ్మ కావాలి, వీటికి మీ వాడు వాడే మాటలు కాగితం మీద ఒడియా అక్షరాల్లో రాసి ఇవ్వండి. కొత్త చోట పిల్లలు ఏడ్చేది ఎక్కువగా ఈ నాలుగైదు మాటలు అర్థం కాకనే. మూడు భాషల్లోనూ కలిపి చూసినా రెండేళ్లు నిండాక రెండు మాటలు జత చేయలేని బిడ్డకు మాత్రం చెవులు పరీక్ష చేయించాలి. మీ మనవడికి ఆ బాధ లేదు.

ప్రశ్న: ఆరు నెలల సెలవు అయిపోయి కొరాపుట్‌లో ఆఫీసుకు వెళ్తున్నాను. పాలు పిండి ఉంచి వెళ్లవచ్చా?

జవాబు: నిక్షేపంగా. చేతులు, గిన్నె శుభ్రంగా కడిగి, మూత ఉన్న స్టీలు గిన్నెలో పట్టి ఉంచు. బయట నాలుగు గంటలకు మించి ఉంచవద్దు, వేసవిలో అంతకంటే ముందే పట్టించాలి. ఫ్రిజ్‌లో పెడితే మర్నాటి దాకా హాయిగా ఉంటుంది. పొయ్యి మీద కాచవద్దు, వేడినీళ్లలో గిన్నె పెట్టి గోరువెచ్చన చేస్తే చాలు. సీసా వద్దు, ఉగ్గుగిన్నెతో పట్టించమను. తాగి మిగిలినవి పారబోయాలి. ఆరు నెలలు నిండాయి కాబట్టి మెత్తగా చేసిన అన్నం పప్పు కూడా మొదలుపెట్టు.

ప్రశ్న: పిన్నిగారూ, మాది తెరుబలి. ఇంటర్ చదివాను. ఇంట్లో ముందు గది, చిన్న పెరడు ఉన్నాయి. పనికి వెళ్లే తల్లుల పిల్లలను చూసుకునే కేంద్రం పెట్టాలనుకుంటున్నాను. తక్కువ ఫీజు పెట్టాలని ఉంది. ఎంత పెట్టమంటారు?

జవాబు: మొదట లెక్క చూపిస్తాను, తర్వాత నువ్వే చెప్పు. పదిమంది పిల్లలు, నెలకు రెండున్నర వేల చొప్పున ఇరవై అయిదు వేలు వస్తాయి అనుకో. సాయానికి ఒకామె తప్పనిసరి, ఆమెకు ఆరు వేలు. రోజుకు ఒక్కో బిడ్డ తిండికి పాతిక రూపాయలు వేసుకున్నా, ఇరవై అయిదు రోజులకు ఆరు వేల రెండు వందల యాభై. గ్యాసు, కరెంటు, సబ్బు, చాపలు, విరిగే బొమ్మలు కలిపి రెండు వేలు. నీకు మిగిలేది పది వేల ఏడు వందల యాభై. ఇద్దరు ఫీజు బాకీ పెడితే ఆరు వేలు కూడా ఉండదు. అప్పుడు మనసు పదమూడో బిడ్డ వైపు, పదిహేనో బిడ్డ వైపు పోతుంది. చెడ్డ కేంద్రాలు చెడ్డవాళ్లు పెట్టినవే కానక్కరలేదు. చాలా వరకు నీలాంటి మంచి మనసుతో తక్కువ ఫీజు పెట్టి, లెక్క కుదరక పిల్లలను పెంచుకుంటూ పోయినవే.

శిశుగృహాలకు కేంద్ర ప్రభుత్వం నడిపిన పాత పథకం 2017లో జాతీయ శిశుగృహ పథకంగా మారినప్పుడు పెట్టిన రుసుములు ఇవి: దారిద్ర్యరేఖ కింద ఉన్నవాళ్లకు నెలకు 20 రూపాయలు, పన్నెండు వేల దాకా ఆదాయం ఉన్నవాళ్లకు 100, ఆపైన 200. పాతికమంది పిల్లలు, ఇద్దరు మనుషులు, రోజుకు ఏడున్నర గంటలు. అంత తక్కువకు కుదిరింది ఎందుకంటే మిగతాది ప్రభుత్వం భరించింది. అక్కడ కూడా పని చేసే ఆడవాళ్లకు ఇచ్చిన గౌరవ వేతనం చూస్తే గౌరవం ఎక్కడుందా అని వెతుక్కోవాలి. తల్లుల జేబుతోనే చవకగానూ మంచిగానూ నడపాలంటే ఆ తేడా నీ ఒంట్లో నుంచే వస్తుంది. కాబట్టి ‘తక్కువ ఫీజు’ అనే మాట ఇప్పుడే పెట్టుకోవద్దు. ఖర్చు ఇంత, నా కష్టం ఇంత అని తల్లులకు కాగితం మీద చూపించు. నిజంగా ఇవ్వలేని ఒక తల్లికి సగం తగ్గించు, ఒక్కరికే. దగ్గరలోని కార్ఖానాల్లో, కాంట్రాక్టర్ల దగ్గర పని చేసే తల్లులుంటే వాళ్ల యాజమాన్యాన్ని కలువు. 50 మంది దాటిన చోట పిల్లలకు ఏర్పాటు చేయడం వాళ్ల బాధ్యత, నీ కేంద్రానికి ఫీజు కట్టి ఆ బాధ్యత తీర్చుకోవచ్చు. పెద్ద ఊరట వచ్చేది అక్కడి నుంచే.

మూడేళ్లలోపు పిల్లలు పదిమందికి కనీసం ఒక మనిషి అని కేంద్ర మార్గదర్శకాలు అంటాయి. అది కనీసం మాత్రమే. నడక రాని బిడ్డలను ఒకామెకు ముగ్గురికి మించి ఇవ్వకూడదని నేను పట్టుబడతాను, ఎందుకంటే మంట అంటుకున్నప్పుడు రెండు చంకల్లో ఇద్దరినీ, నోటితో కేక వేసి మూడోవాణ్నీ కాపాడుకోవాలి. పెరట్లో బావి ఉంటే మూత వేయించాకే పిల్లలను తీసుకో. వచ్చే పిల్లవాడి టీకా కార్డు చూడు, తొమ్మిది నెలల తట్టు టీకా పడిందో లేదో చూడు, లేకపోతే వేయించుకు రమ్మను. విరేచనాలు, జ్వరం ఉన్న రోజు ఇంట్లోనే ఉంచాలని ముందే ఒప్పందం రాయించు. ఆ రోజు తల్లి పని పోతుందని నిన్ను బతిమాలుతుంది, నీకు జాలి వేస్తుంది, మిగతా తొమ్మిదిమంది గుర్తుకు రావాలి. బిడ్డను ఎవరు తీసుకువెళ్తారో పేర్లు రాసుకో. బాబాయినని ఎవరు వచ్చినా ఆ జాబితాలో లేకపోతే పంపవద్దు. అనుమతులు ఏం కావాలో రాయగడలో జిల్లా సాంఘిక సంక్షేమ అధికారి కార్యాలయంలో ముందే అడిగి తెలుసుకో.

మొదటి రెండు నెలలు నలుగురితోనే నడుపు, తిండి వాళ్ల ఇళ్ల నుంచే తెమ్మను. రోజువారీ ఖర్చు ఒక నోటు పుస్తకంలో రాసి నాకు పంపు, చూసి జవాబు రాస్తాను.